పీఠం మీది పుంజు, అంగడిలోని దొర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• బహిరంగ కళ, ప్రదర్శన కళ అనే భావనలను ఉదాహరణలతో వివరించగలరు.
• లండన్‌లో నిలిపిన నీలి పుంజు శిల్పాన్ని, మన పిట్టలదొర వేషాన్ని పోల్చి చూడగలరు.
• పరిహాసం అధికారాన్ని ఎలా ప్రశ్నిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చర్చించగలరు.
• మీ ప్రాంతంలోని ఒక వీధి ప్రదర్శనను విమర్శ దృష్టితో పరిశీలించి రాయగలరు.

1. ప్రవేశిక

కళ అనగానే మనకు చిత్రశాల, రంగస్థలం, పుస్తకం గుర్తుకు వస్తాయి. ఇవేవీ లేని చోట, నలుగురూ తిరిగే చోట పుట్టే కళను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ముందుగా నేను చిన్నప్పుడు చూసిన ఒక సంఘటన చెబుతాను.

1970 దాటిన రోజులు. నాకు పన్నెండేళ్లు ఉంటాయి. ఎల్లారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. వారపు అంగడిలో మా నాయన పక్కన నిలబడి ఉన్నాను. ఖాకీ కోటు, మోకాళ్ల దగ్గర అతుకులు వేసిన ప్యాంటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, ఒకవైపే మీసం. పిట్టలదొర వచ్చాడు. రాగానే తన ఆస్తిపాస్తులు ఏకరువు పెట్టడం మొదలుపెట్టాడు. మాటమాటకూ జనం నవ్వుతున్నారు. ఆయన వెనక కోళ్లు అమ్మేవాళ్ల గంపలు వరుసగా బోర్లించి ఉన్నాయి. ఒక గంప కింది పుంజు సరిగ్గా అప్పుడే గట్టిగా కూసింది.

పిట్టలదొర మాట ఆపేశాడు. గిర్రున తిరిగి, కాళ్లు దగ్గరికి చేర్చి, ఆ గంపకు సలాం కొట్టాడు. పెద్ద దొర పిలుస్తున్నాడని మాకు చెప్పి, గంప ముందు వంగి, చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నాడు. లేచి నిలబడి సర్కారు హుకుం వినిపించాడు. ఇకమీదట ఎల్లారెడ్డిలో తెల్లవారాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలట. అంగడి అంతా ఘొల్లుమన్నది. ఏదో కాగితం పని మీద పొద్దుటి నుంచి తిరిగి తిరిగి అలసిన మా నాయన కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

కాసేపటికి ఎవరో ఆ పుంజును బేరమాడి, కాళ్లు కట్టి, తలకిందులుగా పట్టుకుపోయారు. పిట్టలదొర దానికి మళ్లీ సలాం కొట్టాడు. ఈసారి జనం అంతగా నవ్వలేదు.

పుంజు కూయడం యాదృచ్ఛికం. దాన్ని అధికారిగా మార్చడం కళ. ఆ మార్పు అంత సులభంగా ఎలా సాధ్యమైంది? ఈ పాఠం ఆ ప్రశ్న నుంచి బయలుదేరుతుంది. పోలిక కోసం ముందు దూరదేశంలోని మరో పుంజును చూద్దాం.

2. లండన్ చౌరస్తాలో నీలి పుంజు

లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్ బ్రిటిష్ సామ్రాజ్య విజయాలను గుర్తుచేసే చౌరస్తా. మధ్యలో ఎత్తైన స్తంభం మీద నౌకాసేనాని నెల్సన్ విగ్రహం ఉంటుంది. మూలల్లో నాలుగు పీఠాలున్నాయి. ఒకదాని మీద నాలుగో జార్జి రాజు, మరి రెండింటి మీద హేవ్‌లాక్, నేపియర్ అనే సైన్యాధిపతులు. ఈ ఇద్దరి పేర్లూ మన దేశ చరిత్రలో కూడా కనిపిస్తాయి. హేవ్‌లాక్ 1857 తిరుగుబాటును అణచడంలో పాల్గొన్నాడు. నేపియర్ సింధు ప్రాంతాన్ని ఆక్రమించాడు.

1841లో కట్టిన నాలుగో పీఠం మీద నాలుగో విలియం రాజు గుర్రపు విగ్రహం నిలపాలనుకున్నారు. డబ్బు సమకూరక పీఠం ఖాళీగా మిగిలింది. 1999 నుంచి దాని మీద సమకాలీన కళాకృతులను కొంతకాలం చొప్పున ఉంచుతున్నారు. అలా 2013 జూలై 25న అక్కడ 4.72 మీటర్ల ఎత్తున్న ఒక పుంజును ఆవిష్కరించారు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఆ పుంజు తల నుంచి గోళ్ల దాకా ఒకే ముదురు నీలం. దాన్ని రూపొందించింది 1956లో జర్మనీలోని ఎస్సెన్‌లో పుట్టిన శిల్పి కటరీనా ఫ్రిట్ష్. శిల్పం పేరు ‘హాన్/కాక్’. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ పుంజు అని అర్థం. ఇంగ్లీషు మాటకు పురుషాంగం అనే మోటు అర్థం కూడా ఉంది. శిల్పికి ఆ సంగతి తెలుసు. చుట్టూ ఉన్నవన్నీ ఛాతీ విరుచుకుని నిలబడ్డ మగవారి విగ్రహాలే. వాటి మధ్య ఒక స్త్రీ తెచ్చి నిలబెట్టిన పుంజు ఏమంటున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. పుంజు ఫ్రాన్సుకు జాతీయ చిహ్నం కూడా. ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించిన నెల్సన్ ఎదుటే అది నిలబడింది.

ఈ శిల్పంలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఫ్రిట్ష్ సేనానుల విగ్రహాలను వికృతం చేయలేదు, వాటిని తొలగించమని అడగలేదు. అదే పీఠం, అదే ఠీవి, అదే ఎత్తు తీసుకుని వాటిలో ఒక పక్షిని ఉంచింది. పుంజును చూసిన కన్ను పక్కనున్న సేనాని వైపు తిరిగినప్పుడు అతని టోపీ తురాయి జుట్టులాగా, కత్తి కాలిముల్లులాగా కనిపించడం మొదలవుతుంది. శిల్పం చేసే పని ఆ రెండో చూపులో ఉంది.

ఇదే పీఠం మీద 2009లో ఆంటోనీ గార్మ్లీ అనే శిల్పి మరో ప్రయోగం చేశాడు. ఏ విగ్రహమూ పెట్టకుండా, 100 రోజులపాటు రాత్రింబగళ్లు, గంటకొక మామూలు మనిషి చొప్పున 2,400 మందిని పీఠం ఎక్కించాడు. ఎవరికి తోచింది వారు చేశారు. కాబట్టి శిల్పాన్నీ ప్రదర్శననూ ఒకే చోట పెట్టి చూడటం కొత్త విషయమేమీ కాదు. ఆ పీఠమే అందుకు సాక్ష్యం.

3. తెలుగువారి పుంజు

పుంజు ఠీవిని నవ్వుతో చూడటం మనకు పాత అలవాటే. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లవారుతుందని అనుకున్న ముసలమ్మ సామెత మీకు తెలుసు. తన వల్లనే లోకం నడుస్తున్నదని నమ్మే ప్రతి మనిషికీ ఆ సామెత వర్తిస్తుంది. ఎల్లారెడ్డి అంగడిలో పిట్టలదొర ఆ సామెతనే తలకిందులు చేశాడు. సామెతలో ముసలమ్మ నవ్వులపాలైతే, ఆయన మాటలో తెల్లవారడానికి కూడా అనుమతి ఇవ్వజూసే సర్కారు నవ్వులపాలైంది.

సాహిత్యంలో పుంజుకు రెండు ముఖాలున్నాయి. ఒకటి వీరముఖం. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథలో బ్రహ్మనాయుడి పక్షానికీ నాయకురాలు నాగమ్మ పక్షానికీ మధ్య కోడిపందెం జరుగుతుంది. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలి. అక్కడ పుంజు రాజ్యం తలరాతను మార్చింది.

రెండోది హాస్యముఖం. ఇది ‘క్రీడాభిరామం’లో కనిపిస్తుంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ కావ్యం శ్రీనాథునిదే అనే వాదం కూడా ఉంది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. దశరూపకాల్లో ‘వీథి’ అనే రకానికి చెందిన ఈ రచనలో గోవింద మంచనశర్మ, టిట్టిభ సెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ వినోదాలు చూస్తారు. అందులో కోడిపందెం ఒకటి. పోరులో చచ్చిన పుంజులు వీరస్వర్గానికి పోతున్నాయని కవి పరిహాసంగా విలపిస్తాడు. అదే ఓరుగల్లులో పల్నాటి వీరుల కథ పాడే ప్రదర్శన కూడా వారికి తారసపడుతుంది. వీరుణ్ణి కీర్తించే పాట, వీరత్వాన్ని వేళాకోళం చేసే పద్యం రెండూ ఒకే నగరంలో, ఒకే రచనలో పక్కపక్కన ఉన్నాయి. వీధి ఆ రెండింటినీ భరించగలదు.

4. పిట్టలదొర: వేషం, మాట, చోటు

తెలంగాణలో ఈ వేషగాణ్ణి లత్కోరు సాబు, తుపాకి రాముడు, బుడ్డర్ ఖాన్ అని కూడా పిలుస్తారు. బుడగ జంగాల కుటుంబాలవారు ఈ వేషం ఎక్కువగా కట్టేవారు. పగటివేషాల కోవలోదైనా దీనికి ప్రత్యేకత ఉంది. పగటివేషాల్లో దేవతలు, సాధువులు, రకరకాల వృత్తులవారు కనిపిస్తారు. పిట్టలదొర ఎప్పుడూ ఒక్కడే, ఎప్పుడూ అధికారే.

పేరులోనే చమత్కారం ఉంది. పిట్టలను వేటాడే దొర అనీ, పిట్టంత దొర అనీ రెండు విధాలా వినిపిస్తుంది. వేషం వేటకు వచ్చిన తెల్లదొరను, నిజాం కాలపు అధికారిని కలిపి కుట్టినట్టుంటుంది. టోపీ అధికారిది, అతుకులు పేదవాడివి. తుపాకి ఉంది కాని అది కట్టెది.

మాట తీరు మరింత ముఖ్యం. తెలుగు వాక్యంలోకి ఉర్దూ, ఇంగ్లీషు ముక్కలు తోసుకుని వస్తాయి. నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. ఊరి జనానికి అర్థం కాని భాషలోనే వాళ్ల భూముల సంగతి తేలేది. ఆ భాషను అర్థంపర్థం లేకుండా గడగడా చదివినప్పుడు జనం నవ్వేది పిట్టలదొర తెలివితక్కువతనానికి కాదు. తమకు అర్థం కాకుండా తమను ఏలిన ఆ మాటకే.

గొప్పలు చెప్పడంలో ఒక నిర్మాణం ఉంది. వాక్యం మొదటి సగంలో ఆస్తి పెరుగుతుంది, రెండో సగంలో కూలిపోతుంది. ఏడంతస్తుల మేడ ఉందంటాడు, దానికి గోడలు ఇంకా లేవంటాడు. వంద ఎకరాల పొలం ఉందంటాడు, అది చెరువు నడిమధ్యన ఉందంటాడు. ఈ రెండు ఉదాహరణలు ఆ ధోరణిని చూపడానికి నేను కల్పించినవి. నిజమైన పిట్టలదొర వీటిని ఏ ఊరికి ఆ ఊరి చెరువులతో, దొరలతో, పటేల్ పట్వారీలతో అక్కడికక్కడే అల్లుతాడు. గంప కింది పుంజు కూస్తే దాన్నీ కలుపుకుంటాడు. ఆయన పాఠం చేతిరాతలో ఎక్కడా ఉండదు. విన్నవారి ముందు ప్రతిసారీ కొత్తగా పుడుతుంది.

5. రెండింటి పోలిక

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నీలి పుంజు, పిట్టలదొర ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. అధికారాన్ని తిట్టకుండా, దాని ఠీవినే అరువు తెచ్చుకుని ఇంకొంచెం ఎక్కువగా చూపడం ఆ సూత్రం. ఎంత ఎక్కువగా చూపితే అంత డొల్లగా కనిపిస్తుంది. పుంజు ఇందుకు సరైన ప్రతీక. తలమీద కిరీటం, కాలికి ముల్లు, గొంతులో హుకుం, అన్నీ ఉన్నాయి. రాజ్యం మాత్రం పెంటకుప్ప. అంగడిలో ఆ గంపకు సలాం కొట్టిన వేషగాడు తన ప్రతిబింబానికే సలాం కొట్టాడని ఇప్పుడు అనిపిస్తుంది.

సూత్రం ఒకటే అయినా స్థితి వేరు. మూడు తేడాలను గుర్తించాలి.

మొదటిది చోటు. నీలి పుంజు పీఠం మీద ఉంది. అందుకు ఎంపిక సంఘం, అనుమతి, ఖర్చు, ఆవిష్కరణ సభ ఉన్నాయి. పిట్టలదొర నేల మీద ఉన్నాడు. ఆయనను ఎవరూ ఎంపిక చేయలేదు. జనం గుండ్రంగా నిలబడితే అదే వేదిక, జనం కదిలిపోతే వేదిక ఉండదు.

రెండోది జవాబు. శిల్పాన్ని చూసి మనం ఏమన్నా అది మారదు. అంగడిలో ఎవరైనా ఎదురు మాట వేస్తే పిట్టలదొర దాన్ని పట్టుకుని తిప్పికొడతాడు. ప్రేక్షకుడు సగం రచయిత. బహిరంగ కళ అనే మాటలో ‘బహిరంగం’ అంటే ఆరుబయట ఉండటం మాత్రమే అయితే ప్రతి విగ్రహమూ బహిరంగ కళే. నలుగురూ మాట కలపగలగడం అని అర్థం చెప్పుకుంటే పిట్టలదొర ముందు వరుసలో ఉంటాడు.

మూడోది తరువాతి బతుకు. నీలి పుంజు 2015లో లండన్ పీఠం దిగింది. ఇప్పుడు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ భవనం మిద్దె మీద భద్రంగా ఉంది. దాని శిల్పి పేరు అందరికీ తెలుసు. నేను చూసిన పిట్టలదొర పేరు నాకు తెలియదు. అడగాలని ఆనాడు నాకు గాని, మా నాయనకు గాని తోచలేదు.

6. పరిహాసానికి హద్దులు

జానపద కళను మెచ్చుకోవడంలో మనం తరచు ఒక పొరపాటు చేస్తాం. అది అణగారినవారి గొంతు కాబట్టి అందులో అంతా మంచే ఉందనుకుంటాం. విమర్శకు అది సరిపోదు.

పిట్టలదొర గొప్పల్లో ఆడవారిని, ముఖ్యంగా పెళ్లాన్ని, అత్తను చులకన చేసే మాటలు కొల్లలు. అధికారాన్ని తలకిందులు చేసే నోరే ఇంటి అధికారాన్ని యథాతథంగా నిలబెడుతుంది. ఫ్రిట్ష్ పుంజు ఎక్కుపెట్టిన మగ దర్పం పిట్టలదొరకు కూడా ఉంది. ఈ విషయంలో శిల్పమే ఒక అడుగు ముందున్నది.

ఇంకో ప్రశ్న లోతైనది. రష్యన్ విమర్శకుడు మిఖాయిల్ బఖ్తిన్ ఐరోపా జాతరల నవ్వును గురించి చెబుతూ, ఆ కొద్ది రోజులు పెద్దాచిన్నా తేడాలు తారుమారవుతాయని వివరించాడు. ఆయనను చదివినవారు వెంటనే వేసిన ప్రశ్న ఇది: జాతర ముగిశాక ఏమవుతుంది? మన సందర్భంలో జవాబు స్పష్టంగా ఉంది. పొద్దంతా సర్కారుకు హుకుములు జారీచేసిన దొర చివరికి జోలె పడతాడు. ఎవరిని వెక్కిరించాడో వారి గడప ముందే గింజలు అడుగుతాడు. వారు నవ్వి, ఇంకొంచెం ఎక్కువ వేస్తారు. నవ్వించి బతికే మనిషి వెక్కిరింతకు అవతలివారు ఇచ్చిన సెలవు అంతవరకే.

మా ఇంటి సంగతే చెబుతాను. ఆ సాయంత్రం ఆ పిట్టలదొర మా వాకిట్లోకి వచ్చాడు. మా నాయన మళ్లీ నవ్వాడు, చాటలో జొన్నలు తెప్పించి వేయించాడు. కాని అరుగు మీద కూర్చోమని ఎవరూ అనలేదు. దొరతనాన్ని చూసి అంగడిలో ఆయనతో కలిసి నవ్విన మేమే మా వాకిట్లో చిన్న దొరలమయ్యాం. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో ఆ అరుగు చెబుతుంది.

7. కామారెడ్డి వేదిక

వీధి కళ జోలె దాటి వెళ్లిన సందర్భం కూడా మన ప్రాంతంలోనే ఉంది. 2002 సెప్టెంబరులో కామారెడ్డిలో మొదటి ‘ధూంధాం’ జరిగింది. రసమయి బాలకిషన్ వంటి కళాకారులు ముందుండి నడిపిన ఈ రూపం ఆ తరువాత తెలంగాణ ఉద్యమంలో ఊరూరా వ్యాపించింది. పాట, డప్పు, ఆట, మాట కలగలిసిన ఆ వేదికల మీద పిట్టలదొర వేషం కూడా కనిపించేది.

అక్కడ రెండు మార్పులు వచ్చాయి. గొప్పలు చెప్పే నోరు ఇప్పుడు గింజలు అడగలేదు, రాష్ట్రం అడిగింది. వెక్కిరింతకు గురి అయినవారు దయతలచి నవ్వే స్థితిలో లేరు. బఖ్తిన్ పాఠకులు అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు. నవ్వు ఒక ఉద్యమంతో కలిస్తే జాతరతో ముగిసిపోదు.

రెండో మార్పు నష్టం. పిట్టలదొర వేదిక ఎక్కాడు, మైకు వచ్చింది, మాట ముందే రాసుకున్నదైంది. వేల మంది విన్నారు గాని ఎదురు మాట వేయగలిగినవారు తగ్గారు. నేల మీద ఉన్నప్పుడు ఏ పార్టీనైనా, ఏ పటేల్‌నైనా అనగలిగిన నోరు వేదిక మీద తన పక్షాన్ని అనలేదు. లాభం, నష్టం రెండింటినీ లెక్కలోకి తీసుకున్నప్పుడే ధూంధాం కళాచరిత్రలో తన న్యాయమైన స్థానం పొందుతుంది.

8. ఏమి కాపాడుతున్నాం?

2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది. ఈ జిల్లాలోని దోమకొండ కోటను పునరుద్ధరించినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు లభించింది. రాతి కట్టడాన్ని శ్రద్ధగా నిలబెట్టడం మెచ్చుకోదగిన పని. అయితే గడి చరిత్ర గోడల్లోనే లేదు. గడి ముందు దాని దర్పాన్ని అనుకరించి నవ్వించిన నోటిలో కూడా ఉంది. మొదటిది కాపాడి రెండోది వదిలేస్తే చరిత్రలో దొర మాటే మిగులుతుంది, దొర మీద మాట పోతుంది.

పిట్టలదొరకు చౌరస్తాలో విగ్రహం పెడితే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. సరిపోదని నా అభిప్రాయం. విగ్రహం టోపీని, తుపాకిని చూపగలదు. పుంజు కూసినప్పుడు గిర్రున తిరగలేదు. ఈ కళకు కావలసినవి వేరు: అంగడిలో నిలబడే చోటు, భిక్షగా కాక ప్రతిఫలంగా అందే డబ్బు, ఆ మాటలను చెప్పినవారి పేరుతో భద్రపరచడం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ వంటి గ్రంథాలు రూపాల పేర్లను మనకు అందించాయి. మనుషుల పేర్లను చేర్చడం మన తరం చేయవలసిన పని.

9. సారాంశం

బహిరంగ కళ విలువను దాని ఎత్తుతో కొలవలేం. ఫ్రిట్ష్ నీలి పుంజు, తెలంగాణ పిట్టలదొర ఇద్దరూ అధికారపు ఠీవిని అరువు తెచ్చుకుని దాన్ని డొల్లగా చూపిస్తారు. శిల్పం నిలకడగా ఉంటుంది, జవాబు చెప్పదు. వేషగాడు జవాబు చెబుతాడు, కాని జోలె ఆయన నోటికి హద్దు గీస్తుంది. 2002లో కామారెడ్డి వేదిక ఆ హద్దును కొంత చెరిపి, మరో హద్దును గీసింది. ఈ కళను గౌరవించడమంటే నవ్వడంతో పాటు కూర్చోమని చెప్పడం, పేరు అడగడం.

10. మీ ప్రగతిని సరిచూసుకోండి

అ. ఈ క్రింది ప్రశ్నలకు పదేసి పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నీలి పుంజు శిల్పానికీ దాని చుట్టూ ఉన్న విగ్రహాలకూ గల సంబంధాన్ని వివరించండి.
2. ‘క్రీడాభిరామం’లో పుంజు హాస్యముఖం ఎలా కనిపిస్తుంది?
3. పిట్టలదొర మాటల్లో ఉర్దూ, ఇంగ్లీషు పదాల పాత్ర ఏమిటి?

ఆ. ఈ క్రింది ప్రశ్నకు ముప్పై పంక్తుల్లో సమాధానం రాయండి.
1. వీధిలోని ప్రదర్శన వేదిక ఎక్కినప్పుడు కలిగే లాభనష్టాలను ధూంధాం ఆధారంగా చర్చించండి.

ఇ. క్షేత్రకార్యం
మీ ఊరికి లేదా దగ్గరి అంగడికి వచ్చే ఒక వేషగాణ్ణి కలవండి. ముందుగా అనుమతి తీసుకోండి. ఆయన సమయానికి తగిన ప్రతిఫలం ఇవ్వండి. కూర్చోబెట్టి మాట్లాడండి. మాటలను ఆయన యాసలోనే రాసుకోండి, దిద్దవద్దు. పేరు రాయడానికి ఆయన ఒప్పుకుంటే మీ నివేదిక మొదటి పంక్తిలో ఆ పేరు ఉండాలి.